యుద్ధం రెండు వారాలు, యుద్ధ చట్టం అయిదేళ్ళు: ఒక ఫైర్‌మన్ కేసు

ఈ కేసు 1974 నాటిది. మనిషి పేరు, ఊరి పేరు రాయడం లేదు. దక్షిణ మధ్య రైల్వేలో పెద్ద లోకోషెడ్డు ఉన్న ఒక జంక్షన్ అని మాత్రం చెప్తాను. అప్పటికి నేను మా సీనియర్‌గారి దగ్గర జూనియర్‌ని. కాగితాలు రాయడం, వాయిదాలకు తిరగడం ఎక్కువగా నా పనే కాబట్టి ఎక్కడ ఏ దారి ఎందుకు పట్టామో బాగా గుర్తుంది. ఇంతకాలం తర్వాత దీన్ని రాయడానికి కారణం ఉంది. ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల చట్టం), యూఏపీఏ (చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం) కేసుల్లో బెయిలు పిటిషన్లు వేస్తున్న కుర్ర లాయర్లు చాలామంది అక్కడి కఠినమైన బెయిలు షరతులు ఈమధ్య పుట్టినవే అనుకుంటున్నారు. వాటి తాతలు యుద్ధకాలపు రూల్స్‌లో ఉన్నాయి.

నేపథ్యం

1971 డిసెంబర్ 3 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు మన వైమానిక స్థావరాల మీద దాడి చేశాయి. ఆ రాత్రే రాష్ట్రపతి అత్యవసర పరిస్థితి ప్రకటించారు. వెంటనే డిఫెన్స్ ఆఫ్ ఇండియా చట్టం, దాని కింద రూల్స్ వచ్చాయి. డిసెంబర్ 16న ఢాకాలో పాక్ సైన్యం లొంగిపోయింది, మర్నాటికి పడమటి సరిహద్దులోనూ కాల్పులు ఆగాయి. యుద్ధం అయిపోయింది కానీ ప్రకటన అలాగే ఉండిపోయింది. దాన్ని ఎత్తేసింది 1977 మార్చి 27న. మధ్యలో 1975 జూన్‌లో వచ్చిన ఎమర్జెన్సీ గురించే అందరూ మాట్లాడుకుంటారు. ఆ రోజుకి దేశంలో 1971 నాటిది అమల్లోనే ఉందన్న సంగతి మన వృత్తిలో వాళ్ళకి కూడా చాలామందికి తట్టదు.

యుద్ధ సమయంలో సమ్మెలు నిషేధించే అధికారం ఆ రూల్స్‌లో ఉంది. శత్రువు సరిహద్దులో ఉన్నప్పుడు రైళ్ళు ఆగకూడదు కదా, అర్థం చేసుకోవచ్చు. రెండున్నరేళ్ళ తర్వాత, 1974 మేలో, జీతాలు, బోనస్, ఎనిమిది గంటల పని కోసం రైల్వే కార్మికులు సమ్మెకు దిగితే ప్రభుత్వం తీసింది ఆ అధికారాన్నే. సంఘాలన్నీ కలిసి ఏప్రిల్ 23న సమ్మె నోటీసు ఇచ్చాయి. మే 2న లక్నోలో సమ్మె నాయకుడు జార్జ్ ఫెర్నాండెజ్‌ని అరెస్టు చేశారు. మే 8న సమ్మె మొదలైంది, 27న విరమించారు. దేశమంతటా వేల మందిని లోపల వేశారు.

మామూలు చట్టం ప్రకారం ఏమయ్యేదో పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. పారిశ్రామిక వివాదాల చట్టం, 1947 కింద చట్టవిరుద్ధమైన సమ్మెలో పాల్గొన్న కార్మికుడికి గరిష్ఠంగా నెల రోజుల జైలు లేదా యాభై రూపాయల జరిమానా, లేదా రెండూ. ప్రేరేపించినవాడికి ఆరు నెలలు. అది కూడా ప్రభుత్వమో, అది అధికారమిచ్చిన వాళ్ళో ఫిర్యాదు చేస్తేనే కోర్టు కేసు తీసుకోవాలి. అర్ధరాత్రి తలుపు తట్టే పని పోలీసులకు ఆ చట్టంలో లేదు. అదే పనిని యుద్ధకాలపు రూల్స్ కింద నేరమంటే వారంటు అక్కర్లేదు, బెయిలుకు వేరే గీటురాయి. రెండు చట్టాల్లో ఏది వాడాలో తేల్చేది పోలీసు. అతని ఎంపికతోటే ప్రొసీజర్ మొత్తం మారిపోతుంది. నా దృష్టిలో ఎమర్జెన్సీ క్రిమినల్ చట్టానికి చేసే అసలు మార్పు ఇదే. కొత్త నేరాలు పుట్టించడం కంటే, పాత పనికి కొత్త ప్రొసీజర్ తగిలించడం.

మా దగ్గరికి వచ్చిన సమస్య

క్లయింటు ఆవిరి ఇంజన్ మీద ఫస్ట్ ఫైర్‌మన్. సంఘంలో సభ్యుడు, నాయకుడేం కాదు. మాట కాస్త గట్టిగా మాట్లాడతాడు. సమ్మె మొదలవడానికి నాలుగు రోజుల ముందు తెల్లవారుజామున రైల్వే క్వార్టర్స్‌లో నిద్ర లేపి పట్టుకెళ్ళారు. ఎఫ్‌ఐఆర్‌లో ఉన్నది క్లుప్తంగా ఇది: ముందురోజు సాయంత్రం అయిదింటికి లోకోషెడ్డు గేటు దగ్గర మీటింగులో మాట్లాడి, నిషేధించిన సమ్మెకు తోటివాళ్ళను ప్రేరేపించాడు. సమాచారం ఇచ్చింది మఫ్టీలో ఉన్న ఒక కానిస్టేబులు. మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరిచారు, రిమాండుకు పంపారు.

అతని భార్య చంటిపిల్లతో మా ఆఫీసుకొచ్చింది. సీనియర్‌గారిని అడిగిన మొదటి మాట, "అయ్యా, క్వార్టరు ఖాళీ చెయ్యమంటున్నారండీ, ఎక్కడికి పోవాలి?" అని. బెయిలు సంగతి ఆ తర్వాతే. ఆ రోజుల్లో రైల్వే కాలనీల్లో సమ్మె కుటుంబాల మీద ఒత్తిడి ఎలా ఉండేదో అప్పటివాళ్ళకు తెలుసు. క్వార్టరు విషయంలో కోర్టు ద్వారా వెంటనే చేయగలిగింది ఏమీ లేదు. ఆమెను పుట్టింటికి పంపి, బెయిలు మీద పడ్డాం.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. కొత్త క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 1974 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. అంటే ఈ అరెస్టుకు నెలరోజుల ముందు. 1898 నాటి కోడ్‌కి అలవాటుపడ్డ మేజిస్ట్రేట్లు, పోలీసులు, మేము, అందరం సెక్షన్ల నంబర్లు వెతుక్కుంటున్నాం. ముందస్తు బెయిలు అనేది ఆ కోడ్‌తోనే పుట్టింది. అరవై రోజుల్లో చార్జిషీటు వేయకపోతే బెయిలు పొందే హక్కు కూడా అప్పుడే వచ్చింది. ఒక చేత్తో పార్లమెంటు ఇచ్చిన ఈ రెండింటినీ ఇంకో చేత్తో యుద్ధ రూల్స్ పట్టుకొని ఉన్నాయి.

ఆ పట్టు పేరు రూల్ 184. దాని ప్రకారం, కోడ్‌లో ఏమున్నా సరే, ఈ రూల్స్ కింద ముద్దాయిని బెయిలు మీద వదలాలంటే ముందు ప్రాసిక్యూషన్‌కు వ్యతిరేకించే అవకాశం ఇవ్వాలి. వాళ్ళు వ్యతిరేకించి, ఆ ఉల్లంఘన ప్రభుత్వం నోటిఫై చేసిన జాబితాలోది అయితే, ముద్దాయి నేరం చేయలేదని నమ్మడానికి సహేతుకమైన కారణాలున్నాయని కోర్టుకు తృప్తి కలగాలి. అప్పుడే బెయిలు. మామూలు బెయిల్లో మేజిస్ట్రేటు పారిపోతాడా, సాక్షుల్ని బెదిరిస్తాడా అని చూస్తాడు. ఇక్కడ విచారణ మొదలు కాకముందే నిర్దోషిలా కనబడాలి.

ఆలోచించి వదిలేసినవి

యుద్ధం అయిపోయి రెండేళ్ళు దాటింది, ఈ ఎమర్జెన్సీయే బూటకం అని వాదించాలని సంఘం వాళ్ళు పట్టుబట్టారు. మాట నిజమే కావచ్చు. కానీ ఆ ఏడాది ఫిబ్రవరిలోనే భూత్‌నాథ్ మేటే కేసులో సుప్రీంకోర్టు, ఎమర్జెన్సీ కొనసాగించాలా వద్దా అన్నది రాజకీయ ప్రశ్న, కోర్టులు తేల్చేది కాదు అనేసింది. సుప్రీంకోర్టు తలుపేసిన చోట మా మేజిస్ట్రేటు కిటికీ తెరుస్తాడనుకోవడం అత్యాశ.

సమ్మె నిషేధమే చెల్లదని కొట్టడం రెండో ఆలోచన. రాజ్యాంగం 358వ అధికరణ వల్ల, ఎమర్జెన్సీ ప్రకటనతోనే వాక్, సంఘ స్వేచ్ఛల్లాంటివి ఇచ్చే 19వ అధికరణ నిద్రలోకి పోతుంది, కాబట్టి నిషేధం సహేతుకమా కాదా అని అడిగే దారి లేదు. పైగా సమ్మె చేసే హక్కు ప్రాథమిక హక్కు కాదని 1962లోనే తేలిపోయింది. ఒక్క విషయం మాత్రం మాకు అనుకూలంగా నోట్ చేసుకున్నాం. ప్రాణ, వ్యక్తి స్వేచ్ఛల 21వ అధికరణ, అరెస్టు, నిర్బంధాల్లో రక్షణలిచ్చే 22వ అధికరణ అప్పటికి మాలాంటి కేసుల్లో బతికే ఉన్నాయి. వాటికోసం కోర్టుకెళ్ళే హక్కును ఆపుతూ మా క్లయింటుకు వర్తించే రాష్ట్రపతి ఉత్తర్వు ఏదీ లేదు. 1962 చైనా యుద్ధంలో అలాంటి ఉత్తర్వు వచ్చింది. 1971 ప్రకటన తర్వాత ఆ స్థాయిలో వచ్చింది 1975 జూన్ 27నే. ఎమర్జెన్సీ అనగానే హక్కులన్నీ ఒక్కసారి పోతాయనుకుంటారు చాలామంది. ఏ అధికరణ, ఏ ఉత్తర్వుతో, ఏ తేదీ నుంచి, ఎవరి విషయంలో ఆగింది అని కాగితం మీద గీత గీసుకొని చూడాలి. ఈ తేడాయే తర్వాత మా క్లయింటును బయటపడేసింది.

అరవై రోజులు ఆగి డిఫాల్ట్ బెయిలు అడగడం మూడోది. ఆగలేదు. "కోడ్‌లో ఏమున్నా" అన్న రూల్ 184 మాట ఆ హక్కును మింగుతుందా లేదా అన్నది ఎక్కడా తేలలేదు, సెక్షన్ వయసే నెల. అదీగాక ఒక కానిస్టేబులు సాక్షిగా ఉన్న కేసులో చార్జిషీటు రాయడానికి పూట చాలు. మనం అరవయ్యో రోజున పిటిషన్ పెడితే వాళ్ళు యాభై తొమ్మిదో రోజున చార్జిషీటు పెడతారు.

అప్పటికి పరారీలో ఉన్న మరో ఇద్దరికి కొత్త కోడ్ 438వ సెక్షన్ కింద ముందస్తు బెయిలు వేశాం. రూల్ 184 ఉండగా ఈ కొత్త సెక్షన్ పనిచేయదని సెషన్స్ జడ్జిగారు తోసిపుచ్చారు. రెండేళ్ళ తర్వాత, 1976 నవంబర్‌లో, బాల్‌చంద్ జైన్ కేసులో సుప్రీంకోర్టు రూల్ 184 వల్ల 438 రద్దయిపోదనీ, అయితే ఆ రూల్ షరతుల్ని దృష్టిలో పెట్టుకొని వాడాలనీ చెప్పింది. అప్పటికి వాళ్ళిద్దరికీ ఆ తీర్పుతో పనిలేకుండా పోయింది.

పనిచేయనివి

మొదటి బెయిలు పిటిషన్ మామూలు పద్ధతిలోనే వేశాం. పర్మనెంటు ఉద్యోగి, పారిపోడు, పాత కేసుల్లేవు, చంటిపిల్ల. మేజిస్ట్రేటు సానుభూతితోనే విన్నారు. ఏపీపీ (అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్) లేచి, "మేము వ్యతిరేకిస్తున్నామండీ, రూల్ 184 చూడండి" అని ఒక్క ముక్క చెప్పి కూర్చున్నారు. పిటిషన్ కొట్టేశారు. అది కొట్టేస్తారని మాకు తెలుసు, అయినా వేయడానికి లెక్క ఉంది. ప్రాసిక్యూషన్ వ్యతిరేకతకు కారణమేమిటో రికార్డులోకి రావాలి. వచ్చింది కూడా: గేటు మీటింగు తప్ప ఇంకో ఆరోపణ లేదు.

తర్వాత జాబితా మీద పడ్డాం. ఈ ఉల్లంఘన నోటిఫై అయిందని చూపించాల్సింది ప్రాసిక్యూషనే, గజిట్ చూపించండి అన్నాం. రూల్ 184లో కఠినమైన షరతు జాబితాలో ఉన్న ఉల్లంఘనలకే వర్తిస్తుంది. జాబితాలో లేకపోతే మామూలు బెయిలే. ఏపీపీ దగ్గర గజిట్ లేదు. వాయిదా అడిగారు, మళ్ళీ అడిగారు. మాకు ఆశ పెరిగింది. చివరికి కలెక్టరాఫీసు నుంచి ప్రతి వచ్చింది, అందులో మా రూల్ నంబరు ఉంది. ఆ దారి మూసుకుపోయింది. అయినా ఈ అడుగు వృథా అనను. ఇలాంటి చట్టాల్లో పోలీసులు తమ అధికారాన్ని తామే చదవకుండా కేసు పెట్టిన సందర్భాలు తర్వాత నాకు చాలా తగిలాయి. ఏ నోటిఫికేషన్, ఏ తేదీ, ఎవరి సంతకం అని అడగడం ఎప్పుడూ మొదటి పనే.

ఎమర్జెన్సీలో ఉన్నా ప్రభుత్వం చట్టం చూపించకుండా పౌరుడి మీద చెయ్యి వేయకూడదని 1967లో ఠాకూర్ భరత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దాన్ని, డిఫెన్స్ ఆఫ్ ఇండియా చట్టంలోనే ఉన్న మరో సెక్షన్‌ను కలిపి చదివాం. దేశరక్షణకు, ప్రజల భద్రతకు ఎంత అవసరమో అంతకుమించి జనం మామూలు బతుకులో జోక్యం చేసుకోకూడదని ఆ సెక్షన్ అంటుంది. మేజిస్ట్రేటు తలూపారు, బెయిలివ్వలేదు. ఇలాంటి సూత్రాలు వాదనకు బలమే కానీ వాటితో ఒంటరిగా తాళం తెరుచుకోదు.

కాల్ బుక్

దారి దొరికింది సబ్‌జైలు ములాఖాత్‌లో. "ఆ రోజు సాయంత్రం అయిదింటికి నువ్వెక్కడున్నావు?" అని సీనియర్‌గారు అడిగితే, "ఇంజన్ మీదున్నానండీ" అన్నాడు. ఇంత పెద్ద మాట ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగితే, "పోలీసులకి చెప్పానండీ, రాసుకోలేదు" అన్నాడు.

రన్నింగ్ స్టాఫ్ డ్యూటీ తెలియనివాళ్ళ కోసం కాస్త వివరంగా చెప్పాలి. గూడ్సు బండికి టైమంటూ ఉండదు. బండి సిద్ధమయ్యే ముందు షెడ్డు నుంచి కాల్ బాయ్ సైకిల్ మీద క్వార్టర్స్‌కు వస్తాడు, చేతిలో కాల్ బుక్ ఉంటుంది. అందులో బండి వివరం, ఏ టైముకి డ్యూటీకి రావాలో రాసి ఉంటుంది. డ్రైవరైనా ఫైర్‌మనైనా పిలుపు అందినట్టు, అందిన టైము వేసి, సంతకం చేయాలి. తర్వాత షెడ్డులో సైన్ ఆన్ రిజిస్టర్‌లో ఇంకో సంతకం. దిగాక సైన్ ఆఫ్. ఓవర్‌టైము, మైలేజీ లెక్కలన్నీ దీనిమీదే నడుస్తాయి కాబట్టి ఈ పుస్తకాల్లో దిద్దుబాట్లకు చోటుండదు. మా క్లయింటుకు ఆ రోజు మధ్యాహ్నం రెండింటికి పిలుపొచ్చింది, మూడున్నరకు సైన్ ఆన్ అయ్యాడు. మీటింగు జరిగిందంటున్న టైముకి అతను జంక్షన్‌లోనే లేడు.

ఇది తేలికగా రుజువయ్యే అంశమే, కానీ పుస్తకాలు రైల్వే దగ్గరున్నాయి. అతన్ని సస్పెండ్ చేసింది రైల్వేయే. అడిగితే ఇస్తారా? తోటి డ్రైవరుతో అఫిడవిట్ వేయించవచ్చు, కానీ అతన్నీ మర్నాడు లోపలేస్తారు, పైగా సంఘం మనిషి మాటని కొట్టేస్తారు. అందుకని మనుషుల జోలికి పోకూడదనుకున్నాం. కొత్త కోడ్ 91వ సెక్షన్ కింద పత్రాలు తెప్పించమని పిటిషన్ వేశాం. బెంచీ మీదున్నది పాత కోడ్ పుస్తకం, అందులో ఇదే 94వ సెక్షన్. కాసేపు ఆ గందరగోళం నడిచింది. (ఆ కోడ్ స్థానంలో వచ్చిన 2023 నాటి బీఎన్‌ఎస్‌ఎస్‌లో మళ్ళీ 94 అయింది. బతికుంటే సీనియర్‌గారు నవ్వేవారు.)

ఏపీపీ అభ్యంతరం గట్టిదే. బెయిలు దశలో డిఫెన్సు సాక్ష్యం చూడకూడదు, అది విచారణలో తేలాల్సింది అన్నారు. మామూలు కేసులో ఆయన మాటే నెగ్గేది. మా జవాబు రూల్ 184 నుంచే తీశాం. ముద్దాయి నేరం చేయలేదని నమ్మడానికి కారణాలున్నాయా అని ఈ రూలే కోర్టును అడగమంటోంది. ఎఫ్‌ఐఆర్, కేసు డైరీ మాత్రమే చూసి ఎవరైనా నిర్దోషి అని ఎలా నమ్ముతారు? అవి రాసింది నేరం చేశాడని చెప్పడానికే కదా. ఆ ప్రశ్న అడగమన్న చట్టం, దానికి జవాబిచ్చే పత్రాన్ని చూడొద్దని అనలేదు. ఇక 91వ సెక్షన్ విచారణకే పరిమితం కాదు, కోడ్ కింద జరిగే "ఇతర ప్రొసీడింగ్" దేనికైనా వర్తిస్తుంది. బెయిలు పిటిషన్ అలాంటిదే. బెయిలును బిగించడానికి పెట్టిన షరతే డిఫెన్సు పత్రానికి తలుపు తెరుస్తుంది. ఈ వాదన సీనియర్‌గారిది. నేను ఇప్పటికీ దీన్నే వాడుతున్నాను.

మేజిస్ట్రేటు సమన్లు ఇచ్చారు. లోకో ఫోర్‌మన్ ఆఫీసు నుంచి ఒక గుమస్తా రెండు పుస్తకాలూ చంకలో పెట్టుకొచ్చాడు. బొగ్గు మరకలున్న పేజీ, సంతకం, టైము. వరసలో ముందూ వెనకా వేరేవాళ్ళ సంతకాలు. మేజిస్ట్రేటు పేజీని వెలుతురుకి పెట్టి చూసి, ఏపీపీకి అందించారు. మే నెలాఖరున, సమ్మె విరమించాక, బెయిలొచ్చింది. ఉత్తర్వులో ఆయన వాడింది రూల్ 184 మాటలే: నేరం చేయలేదని నమ్మడానికి సహేతుకమైన కారణాలున్నాయి అని. మాకు కావలసిందీ ఆ వాక్యమే.

జైలు గేటు

జామీనుదారులతో సబ్‌జైలుకు వెళ్తే, గేటు బయట జీపుంది. లోపలినుంచి అడుగు బయట పెట్టగానే మీసా కింద కలెక్టరు ఉత్తర్వు చేతిలో పెట్టి మళ్ళీ ఎక్కించారు.

మీసా (మెయింటెనెన్స్ ఆఫ్ ఇంటర్నల్ సెక్యూరిటీ యాక్ట్) యుద్ధానికి ముందే, 1971 జులైలో వచ్చిన ముందస్తు నిర్బంధ చట్టం. నిత్యావసర సరఫరాలకు, సేవలకు ఆటంకం కలిగిస్తాడన్నది దాని కింద ఒక కారణం. డిఫెన్స్ ఆఫ్ ఇండియా చట్టం ఈ చట్టంలోకి 17ఏ సెక్షన్ చొప్పించి, నిర్బంధం సబబేనా అని చూసే సలహా బోర్డు లేకుండానే నిర్బంధం పొడిగించే వీలు కల్పించింది. 1973 ఏప్రిల్‌లో శంభునాథ్ సర్కార్ కేసులో సుప్రీంకోర్టు ఆ సెక్షన్ కొట్టేసింది. కాబట్టి మా కేసు నాటికి గడువులన్నీ మళ్ళీ పనిచేస్తున్నాయి: అయిదు రోజుల్లో, మహా అయితే పదిహేను రోజుల్లో, కారణాలు చెప్పాలి, పన్నెండు రోజుల్లో రాష్ట్ర ప్రభుత్వం ఆమోదించాలి, ముప్పై రోజుల్లో సలహా బోర్డుకు పంపాలి.

కారణాల పత్రం వచ్చింది. ఒకటి, అదే గేటు మీటింగు. రెండు, "మీరు మీ అనుచరులతో కలిసి విధేయులైన కార్మికులను బెదిరిస్తున్నారు". ఎవర్ని, ఎప్పుడు, ఎక్కడ అన్నది లేదు. పత్రమంతా ఇంగ్లీషులో ఉంది. అతనికొచ్చింది తెలుగు ఒక్కటే.

నేరుగా హైకోర్టుకు పోవాలా, ముందు ప్రభుత్వానికి విన్నపం పంపాలా అన్నది ఇక్కడ నిర్ణయం. సంఘం వాళ్ళు రిట్ అన్నారు. సీనియర్‌గారు రెండూ అన్నారు, విన్నపం ముందు. ఆయన లెక్క ఇది. విన్నపం పెట్టుకునే హక్కు 22(5)వ అధికరణలో ఉంది. అది వాడుకుంటే, దాన్ని బోర్డుతో సంబంధం లేకుండా తానే ఆలస్యం చేయకుండా పరిశీలించాల్సిన బాధ్యత ప్రభుత్వం మీద పడుతుంది. పరిశీలించకపోతే అదే ఇంకో లోపం. పరిశీలిస్తే మేజిస్ట్రేటు ఇచ్చిన బెయిలు ఉత్తర్వు చదవక తప్పదు. బోర్డు ముందు లాయరును రానివ్వరు కాబట్టి అక్కడ మా నోరు కూడా ఆ కాగితమే.

విన్నపం అతని మాటల్లోనే, తెలుగులో రాయించాం. ఫలానా రోజు నేను బండి మీదున్నాను, కోర్టు పుస్తకం చూసింది, ఆ సంగతి కలెక్టరుగారికి చెప్పారా? రెండో కారణానికి నేనేం జవాబు చెప్పను, ఎవరినో చెప్పలేదే? ఈ ఇంగ్లీషు కాగితం నాకు చదివి చెప్పినవాళ్ళెవరూ లేరు. ఈ మూడు వాక్యాల వెనకా తీర్పులున్నాయి. కారణాల్లో ఒకటి అస్పష్టమైనా ఉత్తర్వు మొత్తం కూలుతుందని ఆనాటి న్యాయం. నిర్బంధితుడికి అర్థమయ్యే భాషలో కారణాలు తెలపాలని 1962లోనే హరికిషన్ కేసు చెప్పింది. విన్నపంలో తీర్పుల పేర్లు పెట్టలేదు, అవి రిట్‌లో పెట్టాం. హైకోర్టు నోటీసిచ్చింది. ప్రభుత్వ ప్లీడరు కౌంటరుకు, అంటే లిఖిత జవాబుకు, టైము అడిగారు. కౌంటరు రావలసిన తేదీకి ముందే ప్రభుత్వం ఉత్తర్వును ఉపసంహరించుకుంది. అతను బయటికొచ్చాడు, రిట్‌లో తీర్పంటూ లేకుండా పోయింది. ప్రభుత్వాలు ఓడిపోయే కేసుల్లో ఇలా తప్పుకోవడం ఇప్పటికీ మామూలే. మన పేరు మీద తీర్పు రాదు, మనిషి మాత్రం ఇంటికొస్తాడు. మనిషే ముఖ్యం.

ఉద్యోగం మాత్రం నిలబెట్టలేకపోయాం. రైల్వే క్రమశిక్షణ రూల్స్‌లో 14(ii) ఉంది, విచారణ జరపడం సాధ్యం కాదని అధికారి రాసేస్తే విచారణ లేకుండానే తీసేయవచ్చు. ఆ సమ్మెలో దాన్ని విరివిగా వాడారు. ఇతన్నీ అలాగే తీసేశారు.

మళ్ళీ 1975

1975 జూన్ తర్వాత ఇదే మనిషిని మీసా కిందే మళ్ళీ తీసుకెళ్ళారు. ఏడాది కిందటి మా కాగితాలన్నీ ఉన్నాయి, ఒక్కటీ పనికిరాలేదు. కొత్తగా వచ్చిన 16ఏ సెక్షన్ ప్రకారం, ఎమర్జెన్సీని ఎదుర్కోవడానికి ఈ నిర్బంధం అవసరమని అధికారి ప్రకటన రాసేస్తే కారణాలు చెప్పక్కర్లేదు, సలహా బోర్డు అక్కర్లేదు. నాలుగు నెలలకోసారి ప్రభుత్వమే సమీక్షించుకుంటుంది. మొదటిసారి పోలీసులు తేదీ, టైము, స్థలం చెప్పారు కాబట్టి కాల్ బుక్ తేగలిగాం. ఈసారి ఏమీ చెప్పలేదు, దేన్ని తప్పని చూపిస్తాం? ఎమర్జెన్సీలో పోలీసు చేతికి దొరికే అతిపెద్ద అధికారం అరెస్టు అని ఎవరన్నా అంటే ఒప్పుకోను. కారణం చెప్పనవసరం లేకపోవడం దానికంటే పెద్దది. 1976 ఏప్రిల్ 28న జబల్‌పూర్ కేసులో సుప్రీంకోర్టు జడ్జీలు నలుగురు ఒకవైపు, హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరూ ఒకవైపు నిలిచాక, అక్రమ నిర్బంధాన్ని కోర్టులో ప్రశ్నించే హేబియస్ కార్పస్ దారి కూడా పోయింది. 1977 మార్చి వరకు అతను లోపలే ఉన్నాడు. ఆ ఏడాదే జనతా ప్రభుత్వంలో మధు దండవతే రైల్వే మంత్రిగా ఉండగా సమ్మెలో తీసేసినవాళ్ళను తిరిగి తీసుకున్నారు, ఇతనూ ఇంజన్ ఎక్కాడు. 1974 కేసును ప్రాసిక్యూషన్ ఉపసంహరించుకుంది.

ఇప్పటి ఫైళ్ళకు

రూల్ 184 చచ్చిపోయింది, దాని వాక్యం చావలేదు. ఎన్‌డీపీఎస్ 37, మనీ లాండరింగ్ చట్టం 45 చదివితే అదే వరస: ప్రాసిక్యూటర్‌కు అవకాశం, నేరం చేయలేదని నమ్మే కారణాలు. యూఏపీఏ 43డీ(5) దాన్నే తిరగేసి, ఆరోపణ పైకి నిజంగా కనబడితే బెయిలు లేదంటుంది. ఈ రెండో రకంలో కాల్ బుక్ వాదన బలహీనపడుతుంది, ముఖ్యంగా బెయిలు దశలో సాక్ష్యాన్ని తూచకూడదన్న 2019 నాటి వటాలీ తీర్పు తర్వాత. 37, 45ల్లో ఇంకా బాగానే నిలబడుతుంది. ఆరోపణల నమోదు దశలో ముద్దాయి 91 కింద తన పత్రాలు తెప్పించుకోలేడని దేబేంద్రనాథ్ పాఢి కేసు చెప్పిన మాట నిజమే. ప్రాసిక్యూటర్లు బెయిలప్పుడు కూడా దాన్నే చదువుతారు. అది చార్జి దశ గురించి చెప్పింది, బెయిలు షరతు గురించి కాదు అని అక్కడికక్కడే విడదీయాలి.

పత్రాన్ని ఎంచుకోవడంలో నేను చూసేది ఒకటే, అవతలివాడి పుస్తకం అయ్యుండాలి, ఈ కేసు పుట్టకముందే రాసినదై ఉండాలి. టోల్‌గేటు రికార్డు, ఆస్పత్రి రిజిస్టరు, బయోమెట్రిక్ హాజరు, ఇవన్నీ ఇవాళ్టి కాల్ బుక్కులే. ఆలస్యం చేస్తే సీసీటీవీ లాంటివి చెరిగిపోతాయి, కాబట్టి భద్రపరచమని మొదటి వారంలోనే పిటిషన్ వెయ్యాలి.

జైలు గేటు జీపు సంగతి తెలంగాణ, ఆంధ్ర లాయర్లకు నేను చెప్పక్కర్లేదు. 1986 నాటి పీడీ యాక్టు (ముందస్తు నిర్బంధ చట్టం) ఉత్తర్వు బెయిలొచ్చిన వెంటే వస్తుంది. బెయిలు ఉత్తర్వు కాపీ, అందులో కోర్టు రాసిన కారణాలు నిర్బంధం విధించే అధికారి ముందు పెట్టారా లేదా అన్నది మొదట చూడాలి. 2023 సెప్టెంబర్‌లో అమీనా బేగం కేసులో సుప్రీంకోర్టు తెలంగాణలో ఈ చట్టం వాడుతున్న తీరును గట్టిగానే మందలించింది. విన్నపం ఇప్పటికీ తెలుగులో, నిర్బంధితుడి మాటల్లోనే రాయించండి, మూడు పేజీలు దాటొద్దు.

1978 నాటి 44వ రాజ్యాంగ సవరణ తర్వాత 20, 21 అధికరణలను ఏ ఎమర్జెన్సీలోనూ ఆపలేరు, 19వది యుద్ధం లేదా బయటి దాడి కారణంగా ప్రకటించినప్పుడే ఆగుతుంది. ఆ జాబితాలో 22 లేదు. అదే సవరణలో సలహా బోర్డు లేకుండా ఉంచగల కాలాన్ని మూడు నెలల నుంచి రెండు నెలలకు తగ్గించే సెక్షన్ కూడా ఉంది. పార్లమెంటు ఆమోదించినా దాన్ని అమల్లోకి తెచ్చే నోటిఫికేషన్ ఇప్పటికీ ఇవ్వలేదు. కాబట్టి గడువు లెక్క వేసేటప్పుడు మూడు నెలలనే వేసుకోవాలి.